నీళ్లలో వదిలితే నిలబడని బొమ్మ: నా ఐస్‌బర్గ్ ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఈ ప్రాజెక్టు ఒక తప్పు బొమ్మ వల్ల మొదలైంది. నెట్‌వర్క్స్ సబ్జెక్టులో సెమినార్ ఇవ్వాలంటే అందరూ పెట్టే బొమ్మే నేనూ పెట్టాను. సముద్రంలో నిటారుగా నిలబడిన ఐస్‌బర్గ్. నీటి పైకి కనిపించే చిన్న ముక్క మీద 'వెబ్ పేజీ' అని రాశాను. మునిగిన పెద్ద భాగంలో, ఆ పేజీని మన దాకా చేర్చే హెచ్‌టీటీపీ, టీసీపీ, ఐపీ అనే నియమాలు, వైఫై, అట్టడుగున సముద్రం కింది కేబుళ్లు అని పొరలు పొరలుగా పేర్చాను. స్లైడ్ బాగానే వచ్చిందని మురిసిపోతుంటే మేడమ్ అడిగారు: "అంతా బానే ఉంది. ఆ కొండ అలా నిలబడుతుందా?"

నెట్‌వర్క్ గురించి ఏదడిగినా ఎలాగోలా చెప్పేదాన్ని. ఇది మాత్రం ఊహించలేదు. "పదో వంతే కదా మేడమ్ పైకి కనిపించేది" అన్నాను. "పదో వంతు సంగతి సరే, పక్కకి ఒరిగిపోకుండా ఏది ఆపుతోంది?" అన్నారు. నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి వెతికితే తేలింది, నిలబడదని. పొడుగ్గా, సన్నగా ఉన్న మంచు ముక్క నీళ్లలో పక్కకి వాలి పడుకుంటుంది. 2021 ఫిబ్రవరిలో ఒక హిమనదాల పరిశోధకురాలు ఇదే చిరాకు బయటపెట్టింది, ఐస్‌బర్గ్‌లని అవి నిజంగా తేలే తీరులో గీయండి మహాప్రభో అని. అది చూసి ఒక ప్రోగ్రామర్, ఎవరు ఏ ఆకారం గీసినా నీళ్లలో వదిలి చూపించే వెబ్ పేజీ తయారుచేసేశాడు. మనమంతా పోస్టర్లలో చూసే ఆ ప్రసిద్ధ ఫొటో, పైన ఆకాశం, కింద నీలం నీళ్లలో భారీ కొండ ఉంటుందే, అది కూడా వేర్వేరు ఫొటోలు అతికించి చేసినదట. అసలు సముద్రంలో అంత దూరం నీళ్లలోంచి కనిపించదు కూడా.

ఆ ప్రోగ్రామర్ పేజీలో అరగంట సేపు పిచ్చి పిచ్చి బొమ్మలు గీశాను. తర్వాత నేనే సొంతంగా ఒకటి చేయాలనిపించింది. మరి నా సబ్జెక్టు నెట్‌వర్క్స్ కదా, అందుకని ఒక షరతు పెట్టుకున్నాను. ఒకరు ఒక స్క్రీన్ మీద గీస్తే, ఇంకొకరు ఇంకో స్క్రీన్ మీద అదే కొండని అదే క్షణంలో చూడాలి, వేలితో తోయగలగాలి.

పేరు గురించి ఒక మాట. మంచుకొండ అంటే నాకైతే ముందు హిమాలయాలే గుర్తొస్తాయి. అందుకే ఇక్కడ ఐస్‌బర్గ్ అనే రాస్తాను. మరీ ముద్దొస్తే కొండ అంటాను.

2వ రోజు

కోడ్ ముట్టుకోలేదు. బకెట్ ముట్టుకున్నాను.

నిన్న రాత్రే ఒక ప్లాస్టిక్ బాటిల్ పైభాగం కోసేసి నీళ్లు పోసి ఫ్రీజర్లో పెట్టాను. పొద్దున తీస్తే జానెడు పొడవు మంచు స్తంభం. మధ్యలో తెల్లగా, గాలి బుడగలతో. బకెట్‌లో లీటరుకి 35 గ్రాముల చొప్పున ఉప్పు కలిపాను, సముద్రపు నీళ్లలో సుమారు అంతే ఉంటుంది కాబట్టి. స్తంభాన్ని నిలువుగా పట్టుకుని వేళ్లు వదిలాను. ఒక్క క్షణం నిలబడినట్టే నిలబడి, మెల్లగా ఒరిగి, పడుకుంది. మళ్లీ నిలబెట్టాను, మళ్లీ పడుకుంది. తలకిందులు చేసి నిలబెట్టినా అంతే. నా సెమినార్ బొమ్మ మూడుసార్లు కూలిపోవడం కళ్లారా చూశాను.

బకెట్ దగ్గరే కూర్చున్నాను. చిటపటమని సన్నటి చప్పుళ్లు. హిమనదం మంచులో ఇరుక్కున్న గాలి కరిగేటప్పుడు బయటికొచ్చి ఇలాగే చప్పుడు చేస్తుందని చదివాను. నా మంచు చప్పుడు మాత్రం ఎక్కువగా పగుళ్లదే అనుకుంటా. పావుగంట గడిచాక, నేనేమీ ముట్టుకోకుండానే స్తంభం దానంతటదే బుడుంగున దొర్లింది! నీళ్లలో ఉన్న వైపు త్వరగా కరిగి తేలికైపోయింది, పైభాగం బరువెక్కువై కిందికి వచ్చింది. అసలు ఐస్‌బర్గ్‌లు దొర్లేది కూడా ఇలాగే. అందుకే పడవల వాళ్లు వాటికి దూరంగా ఉంటారు. మెల్లగా కరుగుతున్నట్టే కనిపించే కొండ ముందస్తు హెచ్చరిక లేకుండా బోల్తా కొడుతుంది.

సాయంత్రం లెక్కలు. మంచు సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 917 కిలోలు, సముద్రపు నీటిది 1025. భాగిస్తే 0.895. అంటే దాదాపు తొంభై శాతం మునుగుతుంది, ఇది అందరికీ తెలిసిందే. కానీ ఇక్కడే నేను ఇన్నాళ్లూ పొరబడ్డాను. ఆ తొంభై శాతం పరిమాణంలో, ఎత్తులో కాదు. కాగితం మీద మొన పైకి ఉన్న త్రిభుజం గీసి, అది అలాగే తేలుతోందనుకుంటే, పైనున్నది వైశాల్యంలో పదో వంతే అయినా ఎత్తులో దాదాపు మూడో వంతు. నిజమైన శంకువు అయితే ఎత్తులో సగానికి కాస్త తక్కువ పైనే ఉంటుంది. 'పైన పది మీటర్లు కనిపిస్తే కింద తొంభై మీటర్లు' అన్న మాట దిమ్మలాంటి మంచుకే సరిపోతుంది.

4వ రోజు

నిన్న రాయలేదు, బ్రౌజర్‌తో కుస్తీ.

కాన్వాస్ మీద, అంటే బ్రౌజర్లో బొమ్మలు గీసే జాగాలో, వేలితో గీత గీస్తే దారి పొడవునా చుక్కలు నమోదవుతాయి. వాటిని కలిపితే బహుభుజి. దాని వైశాల్యానికి షూలేస్ సూత్రం వాడాను. పక్కపక్క చుక్కల ఎక్స్, వై విలువల్ని అడ్డంగా గుణించుకుంటూ, బూటు లేసు అల్లినట్టు వెళ్లడమే. నీటి గీత దగ్గర బహుభుజిని కోసేసి, కింది ముక్కకి మళ్లీ అదే లెక్క. కొండ మొత్తం బరువు కిందికి లాగుతుంది, మునిగిన ముక్క ఎంత నీటిని పక్కకి నెట్టిందో అంత బరువు పైకి తోస్తుంది. ఆర్కిమిడీస్ చెప్పింది ఇంతే, ఎనిమిదో తరగతిలో బట్టీ పట్టింది కూడా ఇంతే.

నేను గీసిన కొండ తేలింది! పైకీ కిందికీ ఊగుతూ తేలుతుంటే తమ్ముడిని పిలిచి చూపించాను. వాడు మౌస్ లాక్కుని ఒక ఏనుగు లాంటిది గీశాడు. అది రాయిలా మునిగిపోయింది.

మళ్లీ నేను గీశాను, తేలింది. వాడు గీశాడు, మునిగింది. "అక్కా, నీ ప్రోగ్రామ్‌కి నేనంటే పడదు" అన్నాడు. ఒకే ఆకారం, ఒకే సైజు, ఇద్దరం గీశాం. నాది తేలుతోంది, వాడిది మునుగుతోంది. గంటన్నర పట్టింది కారణం దొరకడానికి. వాడిది ఎడమచేతి వాటం. నేను గీత ఒక వైపు నుంచి తిప్పుకొస్తే వాడు దానికి ఎదురు వైపు నుంచి తిప్పుకొస్తున్నాడు. షూలేస్ సూత్రంలో చుట్టు దిశ మారితే వైశాల్యం గుర్తు మారిపోతుంది, ప్లస్ కాస్తా మైనస్ అవుతుంది. బరువు మైనస్‌లో రాకూడదని నేను ముందుజాగ్రత్తగా మొత్తం వైశాల్యానికి గుర్తు తీసేశాను, మునిగిన ముక్క వైశాల్యానికి మాత్రం మర్చిపోయాను. అందుకే వాడి కొండని నీళ్లు పైకి తోయాల్సింది పోయి కిందికి తొక్కుతున్నాయి.

తమాషా ఏంటంటే, ఆ జాగ్రత్త అసలు తీసుకోకుండా ఉండి ఉంటే రెండు మైనస్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, తప్పు ఉన్నట్టే తెలిసేది కాదు. సగం జాగ్రత్త చేసిన పని ఇది. ఇప్పుడు గీయడం పూర్తవగానే చుట్టు దిశ చూసి, తేడాగా ఉంటే చుక్కల వరసని తిరగేస్తున్నాను. తమ్ముడి ఏనుగు తొండం పైకెత్తి తేలుతోంది.

5వ రోజు

తేలడం అయింది, ఇక తిరగడం.

కొండ బరువంతా ఒక బిందువు దగ్గర ఉన్నట్టు లెక్క, అది గరిమనాభి. నీళ్ల తోపు ఇంకో బిందువు దగ్గర, అది మునిగిన ముక్క మధ్యబిందువు. రెండూ ఒకే నిలువు గీత మీద లేకపోతే కొండ తిరుగుతుంది. వాటి మధ్య అడ్డ దూరాన్ని బలంతో గుణిస్తే టార్క్, అంటే తిప్పే శక్తి ఎంతో తెలుస్తుంది. నీళ్ల ఒరిపిడి లేకపోతే అది జన్మంతా ఊగుతూనే ఉంటుంది కాబట్టి వేగాన్ని ప్రతి అడుగులోనూ కాస్త తగ్గించాను.

పొడుగాటి దిమ్మ గీసి వదిలాను. అది కొంచెం ఊగి, మెల్లగా సర్దుకుని, నిటారుగా నిలబడింది. అచ్చం నా సెమినార్ స్లైడ్‌లో బొమ్మలాగే!

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పడుకోబెట్టి వదిలినా లేచి నిలబడుతోంది. ఏ ఆకారం గీసినా, ఎంత కష్టమైన భంగిమైనా సరే, అందులోకే వెళ్లి కూర్చుంటోంది. బకెట్‌లో మూడుసార్లు కూలిన స్తంభం నా స్క్రీన్ మీద సైనికుడిలా నిలబడి ఉంది.

విషయం చిన్నది. లెక్కల పుస్తకంలో వై అక్షం పైకి పెరుగుతుంది, కాన్వాస్‌లో కిందికి పెరుగుతుంది. పుస్తకంలో ఉన్న టార్క్ సూత్రాన్ని ఉన్నదున్నట్టు దించేశాను, గుర్తు తిరగబడింది. దాంతో ఒరుగుతున్న కొండని ఒరిగే వైపుకి కాక ఎదురు వైపుకి తిప్పుతోంది. ఏ భంగిమలో అయితే అసలు కొండ ఒక్క క్షణం కూడా ఉండలేదో, నా కొండ అక్కడే హాయిగా స్థిరపడుతోంది. ఒక్క మైనస్ గుర్తు పెట్టాను, దిమ్మ దభేల్మని పడుకుంది.

అంటే పోస్టర్లలోని ఐస్‌బర్గ్ నిలబడాలంటే ప్రకృతిలో ఒక గుర్తు తారుమారు కావాలన్నమాట. ఆ తప్పు కోడ్‌ని చెరపలేదు, వేరే ఫైల్లో దాచుకున్నాను.

కంటికి సరిగ్గా కనిపించినంత మాత్రాన నమ్మకూడదని ఈపాటికి అర్థమైంది కాబట్టి ఒక పరీక్ష పెట్టాను. దీర్ఘచతురస్రపు దిమ్మకి కాగితం మీదే లెక్క కట్టొచ్చు. సాంద్రతల నిష్పత్తి 0.895 అయితే, వెడల్పు ఎత్తులో 0.75 వంతు కంటే కాస్త ఎక్కువ ఉన్నప్పుడే దిమ్మ ఆ భంగిమలో నిలుస్తుంది, తక్కువైతే ఒరుగుతుంది. వంద ఎత్తు, ఎనభై వెడల్పు దిమ్మని కొంచెం వంచి వదిలాను: సర్దుకుని నిలిచింది. వంద ఎత్తు, డెబ్బై వెడల్పు: ఒరిగింది. డెబ్బై అయిదు పెట్టాను: చాలాసేపు తటపటాయించి ఒరిగింది. ఆ తటపటాయింపు చూస్తూ కూర్చున్న అయిదు నిమిషాలు ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు చాలా ఇష్టమైనవి.

6వ రోజు

ఈరోజు అసలు కొండల కొలతలు ఎక్కించాలనుకున్నాను. పెద్దవాటితోనే మొదలెడదామని 2000 మార్చిలో అంటార్కిటికాలోని రాస్ మంచుఫలకం నుంచి విడిపోయిన బీ-15ని తీసుకున్నాను. పొడవు సుమారు 295 కిలోమీటర్లు, వెడల్పు 37. మందం మాత్రం కొన్ని వందల మీటర్లే. నా కాన్వాస్ వెడల్పు వెయ్యి పిక్సెళ్లు, అంటే ఒక పిక్సెల్‌కి 295 మీటర్లు. బీ-15 నా స్క్రీన్ మీద ఒక పిక్సెల్ మందం గీత. నీటి పైన కనిపించేది పిక్సెల్‌లో పదో వంతు. దొర్లడమా? టేబుల్ మీద పరిచిన దుప్పటి దొర్లుతుందా! దక్షిణ ధ్రువం వైపు కొండలు ఎక్కువగా ఇలా బల్లపరుపుగానే ఉంటాయి. గ్రీన్‌లాండ్ హిమనదాల నుంచి విరిగిపడేవి ఎగుడుదిగుడుగా, మొనలు తేలి ఉంటాయి. నా ప్రోగ్రామ్‌కి పని చెప్పేవి ఇవే.

పేర్ల పద్ధతి కూడా సరదాగా ఉంది. అంటార్కిటికా చుట్టూ సముద్రాన్ని నాలుగు భాగాలు చేసి ఏ, బీ, సీ, డీ అని పేర్లు పెట్టారు. కొండ ఎక్కడ మొదట కనిపిస్తే ఆ అక్షరం, దాని పక్కన వరస నంబరు. కొండ ముక్కలైతే ఆ ముక్కలకి చివర మళ్లీ ఒక అక్షరం. 1986లో విరిగిన ఏ-23లోని ఒక ముక్క, ఏ-23ఏ, అడుగు నేలకి తగిలి వెడెల్ సముద్రంలో దశాబ్దాల పాటు కదలకుండా కూర్చుంది. 2020 ప్రాంతంలోనే మళ్లీ కదిలింది. సర్వర్లో బొమ్మలకి నేనూ ఇదే పద్ధతి పెట్టాను: ఎవరు గీస్తే వాళ్ల అక్షరం, పక్కన నంబరు.

అడుగు నేలకి తగలడం అన్న మాట దగ్గర ఆగిపోయాను. నా స్లైడ్‌లో ఐస్‌బర్గ్ అడుగు పొరలో 'కేబుళ్లు' అని రాశాను కదా. ఉత్తినే అందంగా ఉంటుందని రాశాను. నిజంగానే కెనడా తూర్పున ఉన్న న్యూఫౌండ్‌లాండ్ తీరంలో, గ్రీన్‌లాండ్ తీరంలో ఐస్‌బర్గ్‌ల అడుగు సముద్రపు నేలని నాగలిలా దున్నుకుంటూ పోతుంది, ఆ చాళ్లు ధ్వనితో నేలని చూసే సోనార్‌లో కనిపిస్తాయి. దారిలో కేబుల్ ఉంటే దాని పని అయిపోయినట్టే. 1858లో అట్లాంటిక్ దాటిన మొదటి టెలిగ్రాఫ్ తీగకి ఒక కొస ఐర్లండ్‌లో ఉంటే, రెండో కొస ఒడ్డెక్కింది కూడా ఆ న్యూఫౌండ్‌లాండ్‌లోనే. అది మూడు వారాల్లోనే మూగబోయింది, కానీ ఆ నేరం మంచుది కాదు, మరీ ఎక్కువ ఓల్టేజ్ పెట్టిన మనుషులది.

8వ రోజు

నెట్‌వర్క్ మొదలు. ల్యాప్‌టాప్‌లో సర్వర్ నడుస్తోంది. అదే ల్యాప్‌టాప్ బ్రౌజర్లో 127.0.0.1 అని కొడితే పేజీ వస్తోంది. ఫోన్‌లో ల్యాప్‌టాప్ అడ్రస్ కొడితే రావడం లేదు. రెండూ ఒకే వైఫై మీద ఉన్నాయి.

పింగ్ కొట్టి, అంటే 'ఉన్నావా' అని ల్యాప్‌టాప్‌ని పలకరించి చూశాను, జవాబు వస్తోంది. దారి ఉంది, మనిషి ఇంట్లో ఉన్నాడు, తలుపు మాత్రం తీయడం లేదు. మధ్యాహ్నం దాకా బుర్ర పీక్కుంటే తెలిసింది, పింగ్ వెళ్లేది ఐసీఎంపీ అనే వేరే నియమం మీద, దానికి పోర్టుల, అంటే ఒక్కో ప్రోగ్రామ్‌కి ఉండే తలుపు నంబర్ల గొడవే లేదు. మిషన్ బతికి ఉందని చెబుతుంది కానీ నా ప్రోగ్రామ్ వింటోందా లేదా అనేది దానికి అనవసరం. నా సర్వర్ 127.0.0.1 మీద మాత్రమే వింటోంది. ఆ అడ్రస్ అంటే ఏ మిషన్‌కైనా 'నేనే' అని అర్థం, బయటివాళ్ల మాట అక్కడికి చేరదు. 0.0.0.0 మీద, అంటే ఉన్న అన్ని అడ్రసుల మీద వినమన్నాను. అయినా రాలేదు. ఈసారి అడ్డం బయటివాటిని ఆపే కాపలా, ఫైర్‌వాల్. ఆ ఒక్క పోర్టు తెరిచాక ఫోన్‌లో కొండ కనిపించింది.

రెండు పొరల్లో రెండు తాళాలు. స్లైడ్‌లో వీటిని ఒకదాని కింద ఒకటి రాయడానికి నాకు పట్టింది రెండు నిమిషాలు.

9వ రోజు

ఫోన్‌లో కొండ కనిపిస్తోంది కానీ కదలడం లేదు. కదిలినప్పుడల్లా సర్వర్ ఫోన్‌కి చెప్పాలి. మామూలు హెచ్‌టీటీపీలో ఆ వీలు లేదు. అడిగితేనే జవాబు, అడగకపోతే సర్వర్ నోరు విప్పదు. మొదట సెకనుకి ఒకసారి అడిగించాను. కొండ సినిమాలా కాకుండా ఫొటోల ఆల్బమ్‌లా కదిలింది.

వెబ్‌సాకెట్‌కి మారాను. 2011లో ప్రమాణంగా వచ్చింది. బ్రౌజర్ మామూలు హెచ్‌టీటీపీ అభ్యర్థనలాగే మొదలుపెట్టి, మధ్యలో 'ఇక్కణ్ణుంచి వేరే భాషలో మాట్లాడుకుందామా' అంటుంది. సర్వర్ ఒప్పుకుంటే 101 అని జవాబిస్తుంది. మనకి అలవాటైన 200 (సరే), 404 (దొరకలేదు) జవాబుల మధ్య ఆ 101 చూడగానే భలే అనిపించింది. ఆ తర్వాత అదే టీసీపీ కనెక్షన్ మీద ఎవరికి ఎప్పుడు మాట్లాడాలనిపిస్తే అప్పుడు మాట్లాడొచ్చు.

ముందు నేను ఆశపడిన పద్ధతి వేరు. గీసిన ఆకారం ఒక్కసారి పంపేస్తే చాలు, రెండు వైపులా ఒకే సూత్రాలే కాబట్టి రెండూ ఒకేలా కదులుతాయి అనుకున్నాను. మొదటి దెబ్బ: ఫోన్‌లో కొండ రెట్టింపు వేగంతో ఊగుతోంది. ల్యాప్‌టాప్ స్క్రీన్ సెకనుకి 60 సార్లు గీస్తుంది, ఫోన్ 120 సార్లు. ప్రతి గీతకీ ఒక అడుగు అని రాశాను కాబట్టి ఫోన్‌లో కాలమే వేగంగా నడుస్తోంది. అడుగు నిడివిని గడియారానికి కట్టేశాక అది సర్దుకుంది. రెండో దెబ్బ మాత్రం సర్దుకోలేదు. పొడుగాటి దిమ్మని సరిగ్గా నిలువుగా పెట్టి వదిలితే ల్యాప్‌టాప్‌లో ఎడమకి ఒరిగింది, ఫోన్‌లో కుడికి ఒరిగింది! కత్తి అంచు మీద ఉన్నదానికి దశాంశంలో ఎక్కడో పదో స్థానంలో తేడా వచ్చినా చాలు కదా, అటో ఇటో పడిపోవడానికి. ఇద్దరూ లెక్కగడితే ఇద్దరి సముద్రాలూ వేరైపోతాయి. కాబట్టి లెక్క సర్వర్ ఒక్కటే కడుతుంది, మిగతావాళ్లు చూస్తారు, తోస్తారు, అంతే.

11వ రోజు

సర్వర్ లెక్కగట్టి ప్రతి అడుగులో కొండ చుక్కలన్నీ పంపడం మొదలెట్టింది. పక్కన కూర్చుంటే బానే ఉంది. ఇద్దరు ముగ్గురు చేరితే వైఫై మూలిగింది.

ఒక సందేశాన్ని కాగితం మీద కాపీ చేసుకుని అక్షరాలు లెక్కపెట్టాను. ఒక చుక్కకి సుమారు 45 అక్షరాలు, ఎందుకంటే జావాస్క్రిప్ట్ దశాంశం తర్వాత పదీ పదిహేను అంకెలు నింపుతుంది. రెండొందల చుక్కలు, అంటే 9,000 బైట్లు. ఒక ఈథర్నెట్ ఫ్రేమ్‌లో, అంటే నెట్‌వర్క్ ఒక్కసారి మోసే మూటలో పట్టేది 1,500 బైట్లే, చిరునామాల్లాంటి హెడర్లు పోను ఇంకా తక్కువ. ఒక్కో సందేశం ఏడు ప్యాకెట్లుగా చీలిపోతోంది, సెకనుకి 60 సందేశాలు, ఒక్కొక్కరికి 420 ప్యాకెట్లు. ఇంతా చేసి కొండ ఆకారం మారుతోందా? లేదు. జరుగుతోంది, తిరుగుతోంది. దానికి మూడు సంఖ్యలు చాలు: ఎక్స్, వై, కోణం. ఆకారం మొదట్లో ఒక్కసారి పంపి, తర్వాత ఆ మూడే, సెకనుకి 20 సార్లు. నాలుగొందల ప్యాకెట్లు కాస్తా ఇరవైకి దిగాయి. మధ్యలో ఖాళీలని ఫోన్ తనే పూరించుకుంటుంది.

తర్వాత తమ్ముడు ఫోన్ పట్టుకుని చివరి గదిలోకి వెళ్లాడు, రెండు గోడల అవతలికి. "అక్కా, ఆగిపోయింది... ఆగిపోయింది... ఆఁ, గెంతింది!" అని అరుస్తున్నాడు. ప్యాకెట్ పోతే టీసీపీ దాన్ని మళ్లీ తెప్పిస్తుంది, అది వచ్చేదాకా వెనక వచ్చినవాటిని కూడా చేతికివ్వదు. వరస తప్పకూడదనేది దాని వ్రతం. ఫైలు దించుకునేటప్పుడు అది వరమే. నాకు మాత్రం అర సెకను పాతదైన కోణం ఎందుకు? పోతే పోనీ, కొత్తది ఇవ్వు చాలు. అదే యూడీపీ చేసే పని, కానీ బ్రౌజర్లో దాన్ని నేరుగా ముట్టుకోనివ్వరు. ఈ ప్రాజెక్టుకి ఒక రాజీ చేసుకున్నాను. ఫోన్ ఎప్పుడూ సెకనులో పదో వంతు వెనకబడి చూపిస్తుంది. ఆ కాస్త వ్యవధిలో చిన్న ఆలస్యాలు కలిసిపోతాయి. గెంతడం పూర్తిగా పోలేదు, తగ్గింది.

ఆ సెకనులో పదో వంతు గురించి రాత్రి ఆలోచించాను. గాజు తీగలో వెలుతురు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది. పది వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషి నా కొండని తోస్తే, వాళ్ల తోపు ఇక్కడికొచ్చి ఫలితం అక్కడికి చేరడానికి దారిలోనే కనీసం ఆ పదో వంతు సెకను పోతుంది. ఎంత బాగా కోడ్ రాసినా అది తగ్గదు.

13వ రోజు

కరగడం కలిపాను. నీటి గీతకి కింద ఉన్న చుక్కలు మెల్లగా లోపలికి జరుగుతాయి, పైనున్నవి దాదాపు అలాగే ఉంటాయి. ఇప్పుడు ఆకారం కూడా మారుతోంది కాబట్టి దాన్ని రెండు సెకన్లకోసారి పంపక తప్పలేదు. ఓ పక్క ల్యాప్‌టాప్, ఓ పక్క ఫోన్ పెట్టుకుని ఇద్దరం చూస్తున్నాం. మూడు నిమిషాలు ఏమీ జరగలేదు. తమ్ముడికి విసుగొచ్చి లేవబోతుండగా ల్యాప్‌టాప్‌లో కొండ ఒక్కసారిగా బోల్తా కొట్టింది. వాడు ఫోన్ వైపు తల తిప్పేసరికి అక్కడా కొడుతోంది. బకెట్‌లో చూసిన అదే బుడుంగు, చప్పుడు లేదంతే.

14వ రోజు

మళ్లీ సెమినార్. పాత స్లైడ్ తీసేయలేదు. దాని అంచు వెంబడే గీత గీసి, పొరల పేర్లు కొండకి అతికించి, నీటి గీత పెట్టి, క్లాసులో అందరి ఫోన్లకీ లింక్ ఇచ్చాను. ముందు 5వ రోజు దాచుకున్న తప్పు కోడ్‌తో నడిపించాను. కొండ ఠీవిగా నిలబడింది, పైన 'వెబ్ పేజీ', అడుగున 'కేబుళ్లు'. ఆ తర్వాత గుర్తు సరిచేసిన కోడ్‌కి మార్చి, వదిలేశాను.

ఒరిగింది. ఎవరో వెనక బెంచీలోంచి ఫోన్ మీద వేలితో తోశారు, ఇంకా ఊగింది, చివరికి పొడుగ్గా పడుకుంది. 'వెబ్ పేజీ' ఒక కొసన ముప్పావు వంతు మునిగి ఉంది. 'కేబుళ్లు' రెండో కొసన, దాని మొదటి అక్షరం నీటి పైన. మధ్యలో హెచ్‌టీటీపీ, టీసీపీ, ఐపీ, వైఫై, ఒక్కోదానిలో కొంచెం పైకి, మిగతాది కింద. అక్షరాలన్నీ పక్కకి తిరిగిపోయాయి. మేడమ్ చదవడానికి తల పక్కకి వంచారు. క్లాసంతా వంచింది.